ఇంజన్ దించకముందు

ఈసారి గోడపత్రికకి ఏదైనా రాయమని మేడమ్ అడిగితే, "మా కారు గురించి రాయనా మేడమ్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడమ్ మాత్రం, "రాయి. క్లచ్చు, గేరు అంటే పర్లేదు గానీ వాక్యం తెలుగుదై ఉండాలి" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. కారు మనకెందుకులే అనుకోకుండా చివరిదాకా చదవండి. మీ ఇంట్లో కారు లేకపోయినా, రేపు ఎవరో ఒకరు "మొత్తం విప్పాలి, ఇంత అవుతుంది" అని ఏదో ఒక వస్తువు గురించి మీతో అంటారు. అప్పుడు ఏం అడగాలో తెలిసి ఉంటే మంచిది కదా.

మాది చూలై. అంగాళమ్మన్ గుడికి దగ్గర్లో, ఒక కారు నిలబడితే పక్కనుంచి స్కూటర్ మాత్రమే పోగలిగే సందు. ఇంట్లో అమ్మతో తెలుగు, అప్పాతో తమిళం. అమ్మ ఇంట్లోనే మురుకులు, చెక్కలు, రిబ్బన్ పకోడా చేస్తుంది. అప్పా వాటిని టిన్నుల్లో నింపి, కారు వెనక సీటు మడిచి అందులో పెట్టుకుని పురశవాక్కం, ఓట్టేరి, అయనావరం అంగళ్ళకి వేసి వస్తారు. నా కాలేజీ ఫీజు ఆ టిన్నుల్లోంచే వస్తుంది. అంటే ఆ కారులోంచి అన్నమాట.

కారు 2004 మోడల్ మారుతి 800. తాత కొన్నది. రిజిస్ట్రేషన్ ఇప్పటికి రెండుసార్లు పొడిగించుకున్నాం. ఈ మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరితో తయారీ ఆగిపోయింది. ఇంజన్ చాలా చిన్నది. మూడే సిలిండర్లు, 796 సీసీ. చిన్నదే గానీ మా ఇంటికి అదే పెద్దది.

మొన్న ఆడి మాసంలో బండి మొరాయించడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే మొత్తం వణికేది. డవ్‌టన్ దగ్గర వంతెన ఎక్కేటప్పుడు లాగేది కాదు. ఆయిలు తగ్గిపోయేది. కాలిన నూనె వాసన వచ్చేది. మాకు తెలిసిన ఒక షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ రెండు నిమిషాలు శబ్దం విని, "రింగులు పోయాయి. ఇంజన్ దించాలి. 42,000 అవుతుంది" అన్నారు. బండి అమ్మితే కూడా అంత రాదు. ఆ రాత్రి అప్పా బండిని పాత ఇనుముకి ఇచ్చేద్దామా అని అమ్మని అడగడం నేను విన్నాను. నా నాలుగో సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన నెల అది.

అమ్మ తన అన్నయ్యకి ఫోన్ చేసింది. మా పెద్దమామ ముప్పై ఏళ్ళు వర్క్‌షాపుల్లో పనిచేసి ఇప్పుడు ఇంట్లో ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పి. వంగలేరు. "ఆదివారం వస్తాను. ఎవరూ దేనికీ ఒప్పుకోకండి. పాపని లైటు పట్టుకోడానికి సిద్ధంగా ఉండమను" అన్నారు. ఆ పాప నేనే.

దించడమంటే ఏమిటి?

ఇంజన్ దించడమంటే దాన్ని బండిలోంచి పూర్తిగా బయటికి తీయడం. బ్యాటరీ తీసి, నీళ్ళు వంచేసి, గొట్టాలు, వైర్లు, గేరు పెట్టె అన్నీ విడదీసి, గొలుసు కట్టి పైకెత్తి బల్ల మీద పెట్టి విప్పడం. అది పెద్ద ఆపరేషన్. ఒక్కోసారి తప్పదు. కానీ దించాలా వద్దా అన్నది తెలుసుకోడానికి దించక్కర్లేదు. మామ చెప్పిన మాట అదే. ఇంజన్ దాని చోట్లో ఉండగానే, రోడ్డు పక్కనే, చాలా సంగతులు తెలిసిపోతాయట. కాకపోతే ఒక వరసలో చూడాలి.

మా ఇంటికి దగ్గర్లోనే, వేపేరిలో, 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఉంది. మా పక్కింటివాళ్ళ ఆవుదూడని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. దూడ ఎక్కడ నొప్పో చెప్పలేదు. డాక్టరమ్మ దాని కళ్ళు చూశారు, నోరు తెరిచి చూశారు, పేడ ఎలా ఉందని అడిగారు, జ్వరం చూశారు, పొట్ట మీద గొట్టం పెట్టి విన్నారు. కత్తి మాట ఎత్తనేలేదు. మామ చేసిందీ అదే పద్ధతి అని నాకు తర్వాత అర్థమైంది.

మొదట రాత్రి పరిచిన అట్ట

మామ శనివారం రాత్రే ఫోన్‌లో ఒక పని చెప్పారు. పెద్ద అట్టపెట్టె విప్పి బండి కింద, ఇంజన్ కిందుగా పరవమన్నారు. పొద్దున దాని మీద మరకలు చూడాలి. మరక రంగే మొదటి సమాచారం.

నల్లగా, గోధుమరంగుగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిలు. పచ్చగానో, నీలంగానో, గులాబీరంగుగానో ఉండి నీళ్ళలా పల్చగా ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళలో కలిపే మందు. ఏసీ వేసుకుని వచ్చిన బండి కింద ఏ రంగూ లేని మంచినీళ్ళు కారితే భయం లేదు, అది ఏసీ నీరే. చక్రం దగ్గర లేతరంగులో జారుడుగా ఏదైనా కనిపిస్తే అది బ్రేక్ ఆయిలు కావచ్చు. అప్పుడు బండిని అసలు కదపకూడదు.

మా అట్ట మీద ఐదు నల్లటి చుక్కలు. మామ వాటిని చూసి, "ఆయిలు తగ్గుతోందన్నారు కదా, కొంచెమైనా బయటికి పోతోంది. మొత్తం లోపలే కాలిపోవడం లేదు. ఇది గుర్తుపెట్టుకో" అన్నారు.

చల్లగా ఉన్నప్పుడు చూసేవి

పొద్దున ఏడింటికి, బండి స్టార్ట్ చేయకముందే పని మొదలైంది. మామ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా చేత చున్నీ తీయించి అమ్మకి ఇప్పించారు, జడ ముడి వేయించారు, గాజులు తీయించారు. "ఈ బండి ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. ఇంజన్ ఆపేశాక కూడా వేడిగా ఉంటే తనంతట తనే తిరగొచ్చు. చున్నీ చిక్కుకుంటే చెయ్యి పోతుంది" అన్నారు. మనలాంటి వాళ్ళం బానెట్ ఎత్తితే ముందు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఆయిలు. బండి చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి కొంతసేపు అయి ఉండాలి. డిప్‌స్టిక్ అని సన్నటి పొడుగాటి పుల్ల ఉంటుంది. దాన్ని లాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ పూర్తిగా గుచ్చి, మళ్ళీ లాగి చూడాలి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేది లెక్క కాదు. పుల్ల మీద రెండు గుర్తులుంటాయి. ఆయిలు వాటి మధ్య ఉండాలి. కింది గుర్తుకన్నా తగ్గితే ప్రమాదం, పై గుర్తు దాటినా మంచిది కాదు. మాది కింది గుర్తు దగ్గర ఉంది.

తర్వాత రంగు. వాడిన ఆయిలు నల్లబడటం మామూలే. కానీ పాలు కలిపిన కాఫీలా తెల్లగా ఉంటే అందులో నీళ్ళు కలిశాయని అర్థం. హెడ్డు కింద ఉండే ప్యాకింగ్ పోతే కూలెంట్ ఆయిల్లోకి వస్తుంది. లేదా బండి వాననీళ్ళలో మునిగి ఉండాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా సందులో నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక ఎదురింటాయన ఆత్రంగా తాళం తిప్పారు. ఒక్క శబ్దం, అంతే. సిలిండర్‌లో గాలి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కగలదు. నీళ్ళు ఉంటే నొక్కలేదు, నీళ్ళు నొక్కుడు పడవు. నొక్కుడంతా పిస్టన్‌ని మోసే కడ్డీ మీద పడి అది వంగిపోయింది. తాళం తిప్పకుండా ఎయిర్ ఫిల్టర్ విప్పి తడి ఉందేమో చూసి ఉంటే, పుల్ల లాగి ఆయిలు చూసి ఉంటే, ఆ ఖర్చు తప్పేది. ఈ వానాకాలానికి మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఒక్క మాట చెప్పండి. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు.

మా పుల్ల మీద తెలుపు లేదు.

కూలెంట్. రేడియేటర్ మూతని వేడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి తంతాయి. చల్లగా ఉన్నప్పుడే గుడ్డ వేసి తిప్పాలి. లోపల నీళ్ళు నిండుగా ఉన్నాయా, తుప్పు రంగు ఉందా, పైన నూనె తెట్టు తేలుతోందా అని చూడాలి. మాది శుభ్రంగా ఉంది. ఆయిల్లో నీళ్ళు లేవు, నీళ్ళలో ఆయిలు లేదు. అంటే హెడ్డు ప్యాకింగ్ మీద అనుమానం చాలావరకు తగ్గింది.

గొట్టాలు, బెల్టు. రబ్బరు గొట్టాలని వేళ్ళతో నొక్కితే మెత్తగా నొక్కుకుని మళ్ళీ లేవాలి. గట్టిపడి పగుళ్ళు కనిపించినా, ఉబ్బి జిగటగా ఉన్నా మార్చాలి. ఫ్యాన్ బెల్టు అని పిలుస్తారు గానీ మా బండిలో అది ఫ్యాన్‌ని తిప్పదు, నీళ్ళ పంపునీ ఆల్టర్నేటర్‌నీ తిప్పుతుంది. పేరు మాత్రం పాతదే మిగిలింది. దాన్ని మధ్యలో బొటనవేలితో నొక్కితే కొంచెమే దిగాలి. అంచులు పీచులు పీచులుగా లేవకూడదు. టైమింగ్ బెల్టు వేరే. అది మూత వెనక ఉంటుంది, బయటికి కనిపించదు. దానికి కిలోమీటర్ల లెక్కే దిక్కు. ఎప్పుడు మార్చామో ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. మేం రాయలేదు. అప్పా జ్ఞాపకం చేసుకోడానికి పావుగంట పట్టింది. చివరికి నా పదో తరగతి పరీక్షల లెక్కతో ఏడాది దొరికింది.

ఆ తర్వాత మామ నన్ను లైటు పెట్టి ఇంజన్ పైభాగమంతా చూడమన్నారు. పైన ఒక రేకు మూత ఉంటుంది, దాన్ని టాపెట్ కవర్ అంటారు. దాని అంచు పొడుగునా తడి. దుమ్ము పట్టి నల్లటి ముద్దలా అయిపోయింది. అక్కడి నుంచి ఒక చార కిందికి, ఎగ్జాస్ట్ పైపు వైపు దిగింది. వేలు పెట్టి వాసన చూశాను. అప్పా రోజూ అనే ఆ కాలిన నూనె వాసన.

"దొరికింది ఒకటి" అన్నారు మామ. కవర్ కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ గట్టిపడిపోయింది. ఆయిలు అక్కడి నుంచి కారి, వేడి పైపు మీద పడి కాలి, మిగిలింది కింద చుక్కలుగా పడుతోంది.

స్టార్ట్ చేశాక చూసేవి

ఆయిలు సరిపోయేంత పోసి, ఇప్పుడు బండి స్టార్ట్ చేయించారు. నన్ను వెనక్కి వెళ్ళి పొగ చూడమన్నారు. పొగకీ రంగుల భాష ఉంది. నీలంగా వస్తే ఆయిలు లోపల కాలుతోంది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోంది. పొద్దున్నే కాస్త తెల్లటి ఆవిరి వచ్చి తగ్గిపోతే మామూలు. ఇంజన్ వేడెక్కాక కూడా చిక్కగా తెల్లగా వస్తూనే ఉంటే కూలెంట్ లోపల కాలుతోంది. మాది మొదట కొంచెం ఆవిరి, తర్వాత ఏమీ లేదు. అప్పా చేత ఒకసారి ఆక్సిలేటర్ గట్టిగా తొక్కించారు. అప్పుడూ నీలం లేదు.

తర్వాత ఇంజన్ తిరుగుతుండగానే ఆయిలు పోసే మూతని మామ కొంచెం తెరిచి, పైన అరచెయ్యి అడ్డం పెట్టారు. రింగులు పూర్తిగా పోయి ఉంటే పిస్టన్ పైన పేలిన వాయువు పక్కల నుంచి కిందికి జారి, ఇక్కడి నుంచి బుసబుసమని గట్టిగా కొడుతుందట. మాకు పల్చగా కొంచెం గాలి వచ్చింది. ఈ వయసు బండికి అంత ఉంటుందన్నారు.

అప్పుడు అప్పా అడిగారు, తమిళంలోనే, "మరి ఆ మెకానిక్ రింగులు పోయాయన్నాడే?" మామ తెలుగులో జవాబిచ్చారు. మా ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తాయి, అడిగేది ఒక భాషలో, చెప్పేది ఒక భాషలో. "ఆయిలు తగ్గడం, బండి లాగకపోవడం రెండూ కలిపి చూస్తే ఎవరికైనా రింగులే తోస్తాయి బావా. కానీ ఆ రెండూ ఒక్క జబ్బు అని ఎవరు చెప్పారు? రెండు జబ్బులు కావచ్చు. ఆయిలు సంగతి తేలింది. ఇంక వణుకు సంగతి చూద్దాం."

నాకు ఆ మాట చాలా నచ్చింది. ఆ రోజు నేను నేర్చుకున్నదాంట్లో పెద్దది అదే.

ఏ సిలిండరు పని చేయడం లేదు?

మూడు సిలిండర్లలో ఒకటి సరిగ్గా పేలకపోతే ఇంజన్ కుంటుతుంది. దాన్ని మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. ఏదో కనుక్కోడానికి మామ రబ్బరు పిడి ఉన్న పటకారుతో ఒక్కో ప్లగ్గు వైరుని ఒక్క క్షణం లాగి మళ్ళీ పెట్టారు. ఇది మనం చేయకూడదు. అందులో వేల వోల్టుల కరెంటు ఉంటుంది. మొదటి వైరు లాగితే ఇంజన్ ఇంకా కుంటింది. రెండోది లాగితే అలాగే. మూడోది లాగితే పెద్దగా తేడా రాలేదు. పనిచేసేవాడు సెలవు పెడితే పని ఆగుతుంది, చేయనివాడు పెడితే ఎవరికీ తెలియదు. అంటే మూడోదే దోషి.

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, మూడు ప్లగ్గులూ విప్పి వరసగా పాత వార్తాపత్రిక మీద పెట్టారు. ఏది ఎక్కడిదో కలిసిపోకుండా నేను కింద 1, 2, 3 అని రాశాను. ప్లగ్గు మొన ఇంజన్‌కి నాలుకలాంటిది. లేత గోధుమరంగులో పొడిగా ఉంటే ఆరోగ్యం. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు పైకి వస్తోంది. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా కాలడం లేదు. మా 1, 2 గోధుమరంగు. 3 మసి పట్టి, పెట్రోలు వాసన. కానీ జిడ్డు లేదు. రింగులు పోయి ఉంటే జిడ్డు ఉండాలి కదా!

ఆ ప్లగ్గుని మొదటి సిలిండర్‌కి మార్చి చూసినా మిస్సింగ్ మూడో దాంట్లోనే ఉంది. కాబట్టి ప్లగ్గు కాదు.

గేజీ చెప్పిన లెక్క

పుదుప్పేటలో పాత బండ్లు విప్పి భాగాలుగా అమ్మే అంగళ్ళు వందలకొద్దీ ఉన్నాయి. అక్కడ మామకి తెలిసినాయన దగ్గర నుంచి కంప్రెషన్ గేజీ తెచ్చారు. బీపీ చూసే ముల్లులాంటిదే. ప్లగ్గు విప్పిన కన్నంలో దాన్ని బిగించి ఇంజన్‌ని స్టార్టర్‌తో తిప్పితే, పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో ముల్లు చూపిస్తుంది.

మూడు ప్లగ్గులూ తీసేసి ఉంచాలి. పెట్రోలు చిమ్మకుండా, నిప్పురవ్వ రాకుండా వాటి కనెక్షన్లు తీసేయాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఆక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, లేకపోతే లోపలికి గాలి సరిగ్గా రాదు, లెక్క తప్పుతుంది. తొక్కడం, తాళం తిప్పడం నా పని. "ఐదారు సార్లు తిరగనీ, చాలు!" అని మామ అరిచేవారు. అమ్మ గుమ్మంలో నిలబడి అంకెలు పంచాంగం వెనక పేజీలో రాసింది.

మొదటి సిలిండరు 160. రెండోది 155. మూడోది 90.

అప్పా మొహం చూడలేకపోయాను. 90 అంటే మూడోది బాగా కారిపోతోందని నాకూ అర్థమైంది. మామ మాత్రం ఇంకా ఒక పరీక్ష ఉందన్నారు. మూడో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్ళీ తిప్పమన్నారు.

దీని కిటుకు ఇది. గాలి కారిపోడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కింద, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి. రెండోది పైన, సరిగ్గా మూసుకోని వాల్వుల్లోంచి. పోసిన ఆయిలు పిస్టన్ మీద పరుచుకుని రింగుల సందుల్ని కాసేపు పూడుస్తుంది. పైనున్న వాల్వుల్ని అది ఏమీ చేయలేదు. కాబట్టి ఆయిలు పోశాక అంకె బాగా పెరిగితే తప్పు రింగులది. అప్పుడు ఇంజన్ దించాల్సిందే. పెరగకపోతే తప్పు పైన ఉంది.

తిప్పాను. మామ వెంటనే అంకె చెప్పలేదు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"95."

పెరగలేదన్నమాటే. రింగులు కాదు.

కాగితమంత సందు

మిగిలింది వాల్వులు. టాపెట్ కవర్ ఎలాగూ ప్యాకింగ్ మార్చడానికి విప్పాలి కాబట్టి విప్పారు. ఇంజన్ దాని చోట్లోనే ఉంది. లోపల వాల్వుల్ని నొక్కే చిన్న చేతులు వరసగా ఉంటాయి. ప్రతి చేతికీ వాల్వుకీ మధ్య కాగితమంత సందు ఉండాలి. ఎందుకంటే ఇనుము వేడికి సాగుతుంది. సందు లేకపోతే సాగిన వాల్వు పూర్తిగా మూసుకోలేక కొంచెం తెరుచుకునే ఉంటుంది. గాలి అక్కడి నుంచి పోతుంది. వాల్వులు ఏళ్ళ తరబడి కొట్టుకుని కొట్టుకుని తమ గూటిలోకి కొంచెం కొంచెం దిగిపోతాయి. అలా దిగినకొద్దీ ఈ సందు తగ్గిపోతుంది. వింత ఏమిటంటే, సందు ఎక్కువైతే టకటకమని శబ్దం వస్తుంది, ఎవరైనా కనిపెడతారు. తక్కువైతే శబ్దమే రాదు. చప్పుడు చేయని తప్పు ఇది.

ఫీలర్ గేజీ అని పల్చటి ఇనుప రేకుల కట్ట ఉంటుంది, ఒక్కో రేకు మీద మందం రాసి ఉంటుంది. మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర కంపెనీ చెప్పిన మందం రేకు దూరలేదు. కట్టలో అన్నిటికన్నా పల్చటిది కూడా దూరలేదు. మామ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, రేకు కొంచెం పట్టుకుంటూ జారేంత సందు పెట్టి, మళ్ళీ బిగించారు. మిగతావీ సరిచూశారు. కొత్త ప్యాకింగ్ వేశారు. గేజీ మళ్ళీ పెట్టాం.

145.

అప్పా ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి మామకి కాఫీ తనే కలుపుకొచ్చారు. మా ఇంట్లో అది ఎప్పుడూ జరగదు.

ప్యాకింగ్, కొత్త ప్లగ్గులు, తగ్గిన ఆయిలు, పుదుప్పేటకి ఆటో అన్నీ కలిపి 1,900 లోపే అయింది. నా ఫీజు గడువులోపల కట్టాం.

ఇంతకీ ఎవరిది తప్పు?

నాకు ఆ మెకానిక్ మీద చాలా కోపం వచ్చింది. వెళ్ళి అడుగుతానన్నాను. మామ ఒప్పుకోలేదు. "అబద్ధమాడాడని నువ్వు ఎలా చెప్తావు? విన్నాడు, తోచింది చెప్పాడు. నేనూ వయసులో ఉన్నప్పుడు అలా దించిన ఇంజన్లు ఉన్నాయి" అన్నారు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చేతులు తుడుచుకుంటూ ఉన్నారు.

కాబట్టి నేను నేర్చుకున్నది మెకానిక్కుల్ని నమ్మొద్దని కాదు. అడగడం నేర్చుకోవాలి. "దించాలి" అంటే, "కంప్రెషన్ చూశారా? ఆయిలు పోసి కూడా చూశారా? అంకె ఎంత వచ్చింది?" అని అడగొచ్చు. ఈ మూడు ప్రశ్నలు అడిగేవాళ్ళు ఆడపిల్లలైనా సరే, ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి జవాబు చెప్తారు. ఆ తర్వాత నేనే ఒకచోట పరీక్షించి చూశాను. చెప్పారు.

ఇంకో సంగతి. కారుతో మొదటి దూరప్రయాణం చేసింది ఒక ఆవిడే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్త తయారుచేసిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి, సుమారు 100 కిలోమీటర్లు నడిపింది. భర్తకి ముందు చెప్పలేదు కూడా. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి శుభ్రం చేసిందట. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఆమె ఇంజన్ దించలేదు. ఎక్కడ ఏం పోయిందో చూసుకుని అంతమేరకే బాగుచేసుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బండి చూడటం నా పని. అట్ట, ఆయిలు, నీళ్ళు, బెల్టు, పొగ, అదే వరస. పది నిమిషాలు పడుతుంది. ఒక లాంగ్ సైజు నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో తేదీ, కిలోమీటర్లు. కుడి పేజీలో చూసినవి. టైమింగ్ బెల్టు కూడా మార్పించి, ఆ తేదీ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాశాను.

కథ అయిపోలేదు. సందు లేకుండా చాలాకాలం తిరిగింది కాబట్టి ఆ వాల్వు అంచు కొంచెం కాలి ఉండొచ్చని మామ అనుమానం. మిగతా రెండూ 160, 155 ఉంటే ఇది 145 దగ్గర ఆగడం అందుకే కావచ్చు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూశాం, 145 అలాగే ఉంది. పొంగల్ ముందు ఇంకోసారి చూస్తాం. అప్పటికి తగ్గితే హెడ్డు విప్పాలి. హెడ్డు మాత్రమే, ఇంజన్ కాదు. దానికోసం అమ్మ నెలకి 500 పోపుల డబ్బాలో వేస్తోంది. ఈసారి గేజీ నేను బిగిస్తాను, తాళం అప్పా తిప్పుతారు. మామ కుర్చీలో కూర్చుంటారు.